కర్పూరం వాసన వేసే చాకు

పాత బిస్కెట్ల డబ్బా మూత ఊడదీయగానే గుప్పున కర్పూరం వాసన. పూజసామాను డబ్బా కాదది. లోపల ధోవతి గుడ్డలో చుట్టిన మడతచాకులు, ఎనిమిదో తొమ్మిదో. వాటిలో ఒకదాని పిడి తేనెరంగులో మెరుస్తోంది. వాసన దానిదే. కచకడా పిడి. ఇంగ్లీషువాళ్లు సెల్యులాయిడ్ అంటారు. నైట్రోసెల్యులోజులో కర్పూరం కలిపి ముద్దచేసి తీసిన సరుకు. ఇప్పటి ప్లాస్టిక్కులు రాకముందు దువ్వెనలు, గాజులు, కళ్లద్దాల చట్రాలు, చాకుల పిడులు దీంతో చేసేవాళ్లు. ఎనభై ఏళ్లు దాటిన పిడినైనా బొటనవేలు వేడెక్కేదాకా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే హారతిపళ్లెం గుర్తొస్తుంది.

ఈ పరీక్ష జుమేరాత్ బజార్లో నేర్చుకున్నది.

గురువారం పొద్దున

జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర ఆ రోజు నేలంతా అంగడే. గోనెపట్టా పరిస్తే దుకాణం, చుట్టేస్తే ఖాళీ నేల. నల్లా తలలు, సైకిల్ పెడళ్లు, గుండ్రటి డయలున్న ఫోన్లు, చెవి పోయిన తాళాలు, తాళం పోయిన చెవులు. తెల్లవారుతూనే వినపడే మొదటి చప్పుడు ఇనుము మీద ఇనుము పడడం. బస్తా బోర్లించి గుమ్మరించేవాళ్లు. చాకుల పిచ్చి ఉన్నవాళ్లు కాచుకుని ఉండేది ఆ గుమ్మరింపు కోసమే. చాకు చిన్నది, బరువైనది. కుప్పను పదిమంది కెలికేసరికి అడుక్కి జారిపోతుంది. పది దాటాక వచ్చినవాడికి పైన తేలే స్క్రూడ్రైవర్లే గతి.

ఆ కుప్పల్లోకి చేరేది ఎక్కువగా కూలగొడుతున్న ఇళ్ల అటకల మీది సరుకు. అందుకే ఒక కుప్పలో ఒక మంచి చాకు కనపడితే ఆ చుట్టుపక్కలే వెతకాలి. అదే ఇంటివాళ్ల అడకత్తెర, సిరాబుడ్డి, గడియారం గొలుసు కూడా అక్కడే ఉంటాయి. ఆ వస్తువులు చూస్తే చాకు ఎలాంటి చేతిలో తిరిగిందో కొంత తెలిసిపోతుంది.

పుల్ దగ్గర చివరగా కూర్చునే ముసలాయన్ను అందరూ చాచా అనేవాళ్లు. ఆయన దగ్గర బేరం ఇలా సాగేది.

"చాచా, ఈ కత్తెర ఎంత?"

"నలభై."

"ఈ గొళ్లెం?"

"ముప్పై."

"మరి ఈ చాకు?"

చాచా నవ్వేవాడు. "బేటా, కత్తెర కావాల్సినోడు కత్తెరను చూస్తడు. నువ్వు వచ్చినకాంచి చాకునే చూస్తున్నవ్. దాని ధర రెండొందలు."

బోణీ కాకముందు వెళ్తే మాత్రం ఆయన మెత్తబడేవాడు. మొదటి గిరాకీని ఒట్టిచేతులతో పంపడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. రెండొందలు నూటపదికి దిగేది, నోటును కళ్లకద్దుకుని కుప్పచుట్టూ తిప్పేవాడు.

జేబులో ఉండాల్సినవి నాలుగు: కంసాలులు కంటికి బిగించుకునే భూతద్దం, చిన్న టార్చి, పళ్లు కుట్టుకునే పుల్ల, వేలెడంత అయస్కాంతం. అయస్కాంతం బ్లేడు కోసం కాదు. పిడి రెండు చివర్లా తెల్లగా మెరిసే టోపీల్లాంటి ముక్కలుంటాయి చూశారూ, మంచి చాకుల్లో అవి జర్మన్ సిల్వరువి, అయస్కాంతానికి అంటవు. అంటుకుంటే ఇనుము మీద నికెల్ పూత. లోపలి రేకులూ అంతే. ఇత్తడివైతే అంటవు.

ఈ వ్యాపకం ఉన్న పెద్దవాళ్లు మద్రాసు మూర్ మార్కెట్ ప్రస్తావన తేకుండా ఉండేవాళ్లు కాదు. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పిట్టలు, చాకులు అన్నీ ఒకే కప్పుకింద దొరికేవట. 1985లో అది తగలబడిపోయింది. ఇప్పుడు ఆ చోట సబర్బన్ రైళ్లు ఆగుతాయి. బొంబాయి చోర్ బజార్ ఇంకా ఉంది. కానీ మటన్ స్ట్రీట్ దుకాణాల్లో చాకును గాజు బీరువాలో, ఎర్ర మఖ్మల్ మీద పెడతారు. బీరువాలోకి ఎక్కిన చాకుకి అద్దె కూడా మనమే కట్టాలి.

టక్

చాచా ఏ చాకునైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని తెరిచేవాడు. బ్లేడు మీది గాడిలో గోరు పెట్టి లాగితే మొదట బిగువుగా, తర్వాత తేలిగ్గా కదిలి, చివర "టక్". మూసేటప్పుడు ఇంకో టక్. ఇంగ్లండులో చాకులకు పేరుపడ్డ ఊరు షెఫీల్డు. అక్కడి పనివాళ్లు దీన్ని చాకు నడక, పలుకు అంటారు.

ఆ పలుకు పుట్టేది వెన్ను స్ప్రింగులో. పాత జేబుచాకుల్లో చాలావాటికి తాళం ఉండదు. పిడి వెన్నులో పొడుగాటి ఉక్కుపట్టీ ఒకటి, మధ్యలో సీలతో బిగించి ఉంటుంది. బ్లేడు మొదలు చదరంగా ఉండి ఆ పట్టీని నొక్కుతూ తిరుగుతుంది. చదరపు మూల దాటగానే పట్టీ విసురుగా కిందికి దిగుతుంది. అదే టక్. టక్‌కు బదులు "గుస్" అని వినపడితే లోపల మురికైనా ఉండాలి, మొదలైనా అరిగి ఉండాలి. మురికైతే పోతుంది. అరుగుదల అలాగే ఉంటుంది.

తెరిచినప్పుడూ మూసినప్పుడూ వెన్ను మీద వేలు జరిపి చూడాలి. స్ప్రింగు, పక్క రేకులు ఒకే మట్టంలో తగిలితే మంచి పనివాడు చేసిన చాకు, దాన్ని వాడినవాడూ మంచివాడే. తెరిచినప్పుడు స్ప్రింగు లోపలికి కుంగి తగిలితే అరిగిపోయిందని. తర్వాత బ్లేడు మొనను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. వెంట్రుకవాసి కదలిక పాత చాకుకు తప్పేం కాదు. చప్పుడొచ్చేలా ఊగితే సీల వదులైందని. సీల తలను చిన్న సుత్తితో కొట్టి బిగిస్తామంటారు కొందరు. రెండు దెబ్బలు ఎక్కువైతే ఎముక పిడి సీల దగ్గరే పగులుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది మొన దగ్గర. చాకును మూసి పక్కనుంచి చూడాలి. మొన రేకుల అంచుకన్నా కొంచెం కిందికి దాగి ఉండాలి. మొన విరిగిన బ్లేడును వాదర వైపునుంచి అరగదీసి కొత్త మొన తెస్తే, ఆ మొన వెన్నువైపు జరిగి, మూసినప్పుడు పిడిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. జేబులో వేసుకుంటే తొడకు గుచ్చుకుంటుంది. దాన్ని దించడానికి బ్లేడు మొదట్లో వాదర పక్కనుండే చిన్న బొడిపెను ఆకురాయితో అరగదీస్తారు. మొన దాక్కుంటుంది, చాకు అందంగానే కనిపిస్తుంది. కానీ ఆ బొడిపె ఉన్నదే బ్లేడు స్ప్రింగు మీద పడకుండా ఆపడానికి. అది పోయాక మూసినప్పుడల్లా వాదర స్ప్రింగుకి కొట్టుకుని మొద్దుబారుతుంది. ఇంటికెళ్లి ఎంత సాన పట్టినా మర్నాటికి మళ్లీ మొద్దే. తప్పు సానదనుకుంటాం.

డి అక్షరం

బజార్లో మంచి చాకుకి ఒకటే పేరు: "రాజర్స్". ఎవరు చేసినా, ఎక్కడ చేసినా "అస్లీ రాజర్స్ హై సాబ్". అసలుది షెఫీల్డు వాళ్ల జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్. చిరునామా నార్ఫోక్ వీధి, 6వ నంబరు. గుర్తు ఒక నక్షత్రం, ఒక మాల్టీస్ శిలువ. ఆ గుర్తు వాళ్లకు 1764లో దక్కింది. ఆ పేరుకున్న గిరాకీ చూసి నకళ్లు లెక్కలేనన్ని పుట్టాయి. నకలువాడు చాలాసార్లు దొరికిపోయేది స్పెల్లింగు దగ్గర. రాడ్జర్స్‌లో ఒక డి అక్షరం ఉంటుంది. అది లేకపోతే మిగతా పరీక్షలు అనవసరం.

డి ఉన్నంత మాత్రాన అయిపోలేదు. బ్లేడు మొదట్లో ముద్ర ఉన్నచోట భూతద్దం పెట్టాలి. నిజమైన ముద్ర తుప్పుకంటే పాతది కాబట్టి తుప్పు గుంటలు అక్షరాలను తినేసి ఉంటాయి. గుంటల మీదుగా అక్షరం కొత్తగా, పదునుగా పోతుంటే ఆ ముద్ర మొన్న మొన్నటిది. రెండు బ్లేడుల చాకైతే రెంటి ముద్రలూ పోల్చాలి. పెద్దది ఒకరిదీ చిన్నది ఇంకొకరిదీ అయితే రెండు చాకులు చచ్చి ఒకటి పుట్టిందన్నమాట. సీలలు చూడాలి. చుట్టూ అంతా నల్లబడి సీల తల మాత్రం తళతళలాడుతుంటే ఎవరో విప్పారు.

కాలం చెప్పేది ముద్రలో కిరీటం పక్కనుండే అక్షరాలు, అప్పటి రాజుదో రాణిదో పేరు. వి.ఆర్. ఉంటే విక్టోరియా, అంటే 1901కి ముందుది. ఇ.ఆర్. అయితే ఏడో ఎడ్వర్డు, 1901 నుంచి 1910. జి.ఆర్. దగ్గరే తికమక. నాలుగో జార్జి 1820 నుంచి 1830 దాకా ఉన్నాడు, అయిదో జార్జి 1910లో వచ్చాడు. దుకాణంవాడు ఎప్పుడూ నాలుగో జార్జే అంటాడు. బ్లేడు మీద "స్టెయిన్‌లెస్" అన్న మాట ఉంటే వాదన అక్కడితో సరి. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది 1913లో.

సికింద్రాబాదు కంటోన్మెంటు పుణ్యమా అని గోనెపట్టాల మీదికి మిలిటరీ చాకులు కూడా వచ్చేవి. నల్లటి గళ్ల పిడి, ఒక బ్లేడు, డబ్బా మూత కోసేది ఒకటి, వెనక తాళ్ల ముడులు విప్పే లావుపాటి దబ్బనం. బ్రిటిషు సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తు, దాని పక్కన తయారైన సంవత్సరం. వీటితో తేదీ గొడవే లేదు. సంవత్సరం కొట్టే ఉంటుంది.

ఇప్పుడు అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆదివారాలు ఫ్లీ మార్కెట్లకి వెళ్లి చాకుల ఫొటోలు పంపుతుంటారు. వాళ్ల పని మరీ సుళువు. కేస్ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తీసేస్తూ వచ్చింది. 1979కి ఒక్క చుక్క మిగిలింది. చుక్కలు లెక్కపెట్టడం వస్తే చాలు.

కాతిబుల చాకు

పెద్ద బ్లేడు నిగనిగలాడుతూ, చిన్న బ్లేడు మాత్రం సగానికి అరిగిపోయిన చాకులు జుమేరాత్ బజార్లో తరచు కనిపించేవి. మామూలుగా అరిగేది పెద్ద బ్లేడు. ఇవి తిరగబడి ఉండేవి. జవాబు ఛత్తా బజార్లో దొరికింది.

ఛత్తా బజార్ పెళ్లిపత్రికల వీధి. ఉర్దూ అచ్చంతా చేతిరాత మీద నడిచిన రోజుల్లో కాతిబులు వరసగా కూర్చుని రాసేవాళ్లు. రాసేది రెల్లు కలంతో. కలం చెక్కే చాకును కలమ్‌తరాష్ అంటారు. ముందు ఏటవాలుగా ఒక కోత, తర్వాత పాళీకి రెండు పక్కలా చెక్కడం, మధ్యలో సిరా దిగడానికి సన్నటి చీలిక. చివరగా కలాన్ని మఖ్తా అనే చిన్న పలక మీద ఆనించి మొనను ఒకే దెబ్బలో వాలుగా కోయాలి. ఆ కోతను "ఖత్" అంటారు. ఆ దెబ్బకి చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే మొన నలిగిందని లెక్క, మళ్లీ చెక్కుడే. ఆ కోతకి పెద్ద బ్లేడు పనికిరాదు. రెల్లులో ఇసుకలాంటి గుణం ఉంటుంది, వాదరను త్వరగా తినేస్తుంది. రోజూ రాతి మీద నూరాలి. అలా అలా చిన్న బ్లేడు కొవ్వొత్తిలా కరిగిపోయేది.

తర్వాత ఉర్దూ అక్షరాలు కంప్యూటర్లోకి వచ్చాయి. ఆ చాకులు గోనెపట్టాల మీదికి వచ్చాయి. కొనేవాళ్లు "బ్లేడు అరిగింది" అని ధర తగ్గించమనేవాళ్లు. నాకు మాత్రం పెట్టెలోంచి తీయని కొత్త చాకుకన్నా ఆ అరిగినదే విలువైనదనిపిస్తుంది. పెట్టెలోదానికి చెప్పడానికి ఏమీ ఉండదు.

మన కరణాల గంటం కూడా ఈ జాతిదే. తాటాకు మీద రాసే ఇనుప గంటానికి కొన్నిటిలో ఆకు అంచులు కోసే చిన్న కత్తి జతగా ఉంటుంది. రెండూ ఇత్తడి పిడిలోకి మడుచుకుంటాయి. బజార్లో దీన్ని పోల్చుకునేవాళ్లు తక్కువ. ఏదో పాత సుత్తిపిడి అనుకుని తూకానికి ఇచ్చేస్తారు.

కొమ్ము, ఎముక

పిడులలో రాజు కణుజు కొమ్ము, అంటే సాంబారు దుప్పిది. బెరడులా గరుకుగా, గోధుమరంగు లోయలతో ఉంటుంది. మన నల్లమలలోనూ తిరిగే జంతువే. మగది ఎప్పటికప్పుడు కొమ్ములు రాల్చేస్తుంది. అడవిలో రాలినవి ఏరి ఓడలకెక్కిస్తే షెఫీల్డుకీ జర్మనీలోని సోలింగెన్‌కీ వెళ్లేవి. ఐరోపా జింకల కొమ్ములకన్నా ఇది గట్టిది, లోపలి మెత్తటి బెండు తక్కువ. ఆ కొమ్మే పిడి అయ్యి, పెట్టెలో సర్దుకుని, మళ్లీ ఇక్కడికే దిగుమతి అయ్యేది. 1990ల చివర్లో కొమ్ముల ఎగుమతి ఆగిపోయాక విదేశాల్లో ఈ పిడి చాకుల ధరలు ఎగిరాయి. ఇక్కడ కొనడం అమ్మడం మాత్రం 1972 వన్యప్రాణి చట్టంతో చిక్కు. దంతం పిడి అయితే ముట్టుకోకపోవడమే మంచిది.

కొమ్ము దొరకనిచోట పశువుల ఎముకను గాట్లు పెట్టి, రంగు పట్టించి కొమ్ములా చేసేవాళ్లు. ఎముకను గుర్తుపట్టడం తేలిక. భూతద్దంలో సూది గుచ్చినట్టు నల్లటి చుక్కలు, చిన్న గీతలు కనపడతాయి. అవి ఒకప్పుడు రక్తం పారిన దారులు. ప్లాస్టిక్కులో అవి ఉండవు. చలువరాయిలా చేతికి చల్లగా తగిలేది ఎముకే.

తోమడమనే పాపం

చాచా దగ్గరకొచ్చే కుర్రాళ్లు కొన్న చాకును వెంటనే గ్రైండరు దగ్గరికి తీసుకెళ్లి అద్దంలా మెరిపించి తెచ్చేవాళ్లు. ఆయన చూసి, "మొహం కడగమంటే తోలు ఒలిచినవ్" అనేవాడు. గ్రైండరు చక్రం ముద్రను అరగదీస్తుంది, అంచులను గుండ్రం చేస్తుంది, బ్లేడు వేడెక్కి నీలంరంగు తిరిగితే ఉక్కు పదును నిలిపే గుణమే పోతుంది.

ఆయన పద్ధతి ఇది. మొదట పుల్లతో పిడి లోపల పేరుకున్న నూలుపీచు, దుమ్ము తవ్వి తీయాలి. కీలు దగ్గర మూడు నాలుగు చుక్కలు కిరోసిన్ వేసి పదిసార్లు తెరిచి మూస్తే కాటుకలాంటి మడ్డి బయటికొస్తుంది. తుడవాలి, మళ్లీ వేయాలి, మడ్డి రంగు తేలేదాకా. చివర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె వేస్తే చలికి గడ్డకడుతుంది. చాకు మొత్తాన్ని నూనెలో ముంచకూడదు, ఎముక పీల్చుకుని మచ్చలు పడుతుంది. వేడినీళ్లు అసలే వద్దు. బిగుసుకుపోయిన బ్లేడును కటింగ్ ప్లేయరుతో లాగితే గోరుగాడి దగ్గర విరుగుతుంది. కీలు మీద నూనెచుక్క వేస్తూ రెండు మూడు రోజులు ఆగితే దానంతటదే వదులుతుంది.

ఎర్రతుప్పు బతికున్న తుప్పు. దాన్ని నూనె తడిపిన సన్నరకం స్టీల్ ఊలుతో, నాలుగు సున్నాలది, మెల్లగా తీయాలి. నల్లగా, బూడిదరంగుగా ఉన్న పొర ఉక్కుకు వయసుతో వచ్చిన చర్మం. దాన్ని వదిలేయాలి. ఇత్తడికి చింతపండు పెట్టే అలవాటుకొద్దీ చాకుకీ పెడితే రేకులు మెరుస్తాయి, పక్కనున్న బ్లేడు మచ్చలు పడుతుంది.

సాన విషయం కూడా అంతే. సైకిలు నిలబెట్టి పెడలు తొక్కుతూ "కత్తులకీ కత్తెర్లకీ సాన" అని కేకేసేవాడి చక్రం కూరల కత్తికి బాగుంటుంది. జేబుచాకు బ్లేడు పల్చన. తడిపిన నునుపురాయి మీద, బ్లేడు వెన్ను కొంచెమే లేపి, ఒక్కో పక్క పది పదిహేను రుద్దులు చాలు.

కచకడా సంగతి

డబ్బాలోని తేనెరంగు పిడిని వెలుతురులో తిప్పి చూస్తే లోపల సన్నటి పగుళ్లు, గళ్లు గళ్లుగా. రేకు అంచున పచ్చటి చిలుము. కర్పూరం వాసన వెనకాల ముక్కు మండించే పులుపు ఒకటి. ఇది కచకడాకి వచ్చే రోగం. లోపలి నైట్రోసెల్యులోజు విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడుల ఆవిర్లు వదులుతుంది. గాలిలో తేమ తగిలి అది ఆమ్లమవుతుంది. ముందు సొంత బ్లేడును తింటుంది, తర్వాత పక్కవాటిని. డబ్బాలో దాని పక్కనున్న కాతిబు చాకుకి ఒకవైపే తుప్పు పట్టింది, అటు తిరిగున్న వైపు.

మొదలయ్యాక ఈ రోగం ఆగదు, మెల్లబరచగలం అంతే. గాలి ఆడని డబ్బాలో పెట్టడమే పెద్ద తప్పు. విడిగా, ఎండ తగలని చోట, మూత లేని అట్టపెట్టెలో ఉంచాలి. నిప్పుకి దూరంగా. కాల్చిన సూది గుచ్చి చూసే పరీక్ష కొందరు చెబుతారు, కచకడా భగ్గుమంటుంది. బొటనవేలు చాలు.

తేనెరంగుది మూత లేని అట్టపెట్టెలో, ఎండ తగలని అరలోకి చేరింది. మిగతావి కొత్త గుడ్డలోకి మారాయి. కాతిబు చాకుని చెవి దగ్గర పెట్టి తెరిస్తే టక్. మూస్తే ఇంకో టక్, కాస్త మెత్తగా. ఓ చుక్క నూనె అడుగుతోంది.